ఆదివారం ఆరాధనలో పిల్లల్ని ఎక్కడ కూర్చోబెట్టాలి?

పాటలు అయిపోతాయి. పాస్టర్ గారు వాక్యం చెప్పడానికి బైబిలు తెరుస్తారు. సరిగ్గా అప్పుడే ఆడవాళ్ల వైపు మూడో వరసలో ఒక బాబు మొదలుపెడతాడు. ముందు నీళ్లంటాడు, తర్వాత బయటికంటాడు, ఆ తర్వాత చాప మీద వెల్లకిలా పడుకుని కాళ్లు తన్నుకుంటాడు. తల్లి జారిన ముసుగు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో వాణ్ని చంకనేసుకుని, అందరి మోకాళ్లూ దాటుకుంటూ వరండాలోకి పోతుంది. ప్రసంగం ముగిసేదాకా చెప్పుల పక్కన నిలబడుతుంది. తండ్రి మగవాళ్ల వైపు కూర్చుని ప్రసంగం నోట్సు రాసుకుంటుంటాడు.

ఆ వరండాలో నేనూ ఆరేళ్లు నిలబడ్డాను. ఆ తర్వాత పద్నాలుగేళ్లుగా సండే స్కూల్ చెబుతున్నాను. రెండు చోట్ల నుంచీ చూశాక నాకు గట్టిగా అనిపించేది ఒకటుంది. పిల్లల్ని లోపల ఉంచాలా, పక్క గదికి పంపాలా అని మన సంఘాల్లో ఎంతసేపు మాట్లాడుకున్నా, వాళ్ల పక్కన ఎవరు కూర్చుంటారో ఎవరూ అడగరు. అది తేల్చకుండా ఏ పద్ధతి పెట్టినా భారమంతా తల్లి మీదే పడుతుంది.

పిల్లలతో ఏం చేయాలో తోచని దంపతుల కోసం, "ఆ గోల ఆపించండి" అని ఒకరూ "పిల్లల్ని బయటికి పంపుతారా" అని ఇంకొకరూ అంటుంటే మధ్యలో నలిగిపోయే పాస్టర్ల కోసం, నాలాంటి టీచర్ల కోసం ఇది రాస్తున్నాను.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదట చూడాల్సింది, పిల్లవాడికి పెద్దవాళ్ల ఆరాధన కంటపడుతోందా లేదా. మా సంఘంలో ఒక ఐదేళ్ల పాప ఒకరోజు ప్రార్థన మధ్యలో కళ్లు తెరిచి, మగవాళ్ల వైపు మోకాళ్ల మీద ఉన్న వాళ్ల నాన్నని చూసింది. ఆయన ఏడుస్తున్నాడు. "అమ్మా, నాన్నని ఎవరు కొట్టారు?" అని అడిగింది, కొంచెం పైకే. తల్లి దాని చెవిలో ఏదో చెప్పింది. ఆ పాప మళ్లీ కళ్లు మూసుకోలేదు, ప్రార్థన అయ్యేదాకా నాన్ననే చూస్తూ కూర్చుంది. ఆ రోజు అది నేర్చుకున్నది ఏ బొమ్మల పుస్తకంతోనూ నేను నేర్పలేను.

రెండోది, వాక్యం ఆ వయసుకి అర్థమయ్యేలా అందుతోందా. ఏడేళ్ల పిల్లకి బైబిల్లోని రోమా పత్రిక మీద గంట ప్రసంగం ఎక్కదు. ఎక్కనందుకు ఆ పిల్లని తప్పుపట్టకూడదు.

మూడోది, తల్లీ తండ్రీ ఇద్దరూ ఆరాధించగలుగుతున్నారా. ఇద్దరూ అన్నాను, గమనించండి.

నాలుగోది టీచర్ల సంగతి. ఏళ్ల తరబడి ప్రసంగం వినకుండా పిల్లల గదిలోనే ఉండిపోయే టీచర్లు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. పాస్టరమ్మల సంగతి ఇంకా కష్టం. అయ్యగారు ప్రసంగ వేదిక మీద ఉంటారు, సొంత పిల్లలు ఆమె ఒళ్లో ఉంటారు, సండే స్కూలు కూడా ఆమెకే అప్పజెబుతారు.

ఐదోది భద్రత. పిల్లల్ని వేరే గదిలో కూర్చోబెట్టే ప్రతి సంఘానికీ కొన్ని నియమాలు రాతపూర్వకంగా ఉండాలి. గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. తలుపు తెరిచే ఉండాలి. పిల్లవాణ్ని ఎవరికి అప్పగించాలో టీచర్‌కి తెలిసుండాలి. బాత్రూమ్‌కి ఒంటరిగా ఒక పెద్ద మనిషితో పంపకూడదు. "మన సంఘంలో అలాంటివి జరగవమ్మా" అనే మాట నేను చాలాసార్లు విన్నాను. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. సంఘ పెద్దలు లోపల్లోపల సర్దుబాటు చేసే విషయం కాదది. ఈ నియమాలు పాటించడం కుదరకపోతే పిల్లల్ని విడిగా కూర్చోబెట్టకండి, అంతే.

వీటికి తోడు రెండు చిన్న సంగతులు: ఆకలి, స్పీకర్ల మోత. ఉదయం ఏడింటికి పాలు తాగి వచ్చిన పిల్లవాడు పన్నెండున్నరకి ఏడిస్తే అది అల్లరి అనుకోకండి. స్పీకర్ బాక్సు పక్కన పసిబిడ్డని పడుకోబెట్టకండి.

## లేఖనంలో పిల్లలు ఎక్కడున్నారు

సంఘ కమిటీలో ఈ చర్చ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు మార్కు 10వ అధ్యాయం ఎత్తుతారు, పిల్లల్ని ఆపబోయిన శిష్యుల మీద యేసు కోపపడ్డ ఘట్టం. మంచిదే. కానీ సమాజంగా కూడుకున్నప్పుడు పిల్లలు ఎక్కడున్నారో చెప్పే చోట్లు ఇంకా ఉన్నాయి. ద్వితీయోపదేశకాండము 31:12లో ధర్మశాస్త్రం వినడానికి పోగుచేయమన్న వాళ్లలో పురుషులు, స్త్రీలతో పాటు పిల్లలు, పరదేశులు కూడా ఉన్నారు. యోవేలు 2:16లో ఉపవాస సమాజానికి చంటిబిడ్డల్ని సైతం రప్పించమన్నాడు ప్రవక్త. అపొస్తలుల కార్యములు 21:5లో తూరు పట్టణం వాళ్లు భార్యాపిల్లలతో సహా పౌలుని సాగనంపి, సముద్రతీరాన మోకాళ్లూని ప్రార్థించారు. ఎఫెసీయులకు రాసిన పత్రికలో పౌలు "పిల్లలారా" అని సూటిగా పిలుస్తాడు. పత్రికలు సంఘంలో బిగ్గరగా చదివేవాళ్లు కాబట్టి, ఆ పిలుపు వినడానికి పిల్లలు అక్కడ ఉంటారనే ఆయన లెక్క.

నెహెమ్యా 8వ అధ్యాయం మాత్రం రెండు వైపులా పనికొస్తుంది. అక్కడ స్త్రీపురుషులతో పాటు విని గ్రహించగలవాళ్లందరూ కూడుకున్నారు. ఎజ్రా అనే శాస్త్రి తెల్లవారింది మొదలు మధ్యాహ్నం దాకా ధర్మశాస్త్రం చదివాడు. లేవీయులు జనానికి దాని అర్థం విడమర్చి చెప్పారు. పెద్దవాళ్లకే ఒకరు దగ్గర నిలబడి విడమర్చాల్సి వస్తే, చిన్నవాళ్లకి ఆ సాయం ఇంకెంత కావాలి? అందరితో కలిసి ఉండటం, అర్థమయ్యేలా చెప్పేవాళ్లుండటం, ఈ రెండూ దొరికే పద్ధతినే నేను వెతుకుతాను.

## మొదటి పద్ధతి: ఆద్యంతం అమ్మానాన్నల దగ్గరే

పల్లెల్లో ఒకే హాలున్న సంఘాల్లో ఇంకో దారి లేక ఇదే నడుస్తోంది. లేకే అయినా, దీని బలం దీనికుంది. పిల్లవాడికి ఆరాధన క్రమం ఒంటబడుతుంది. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు మోకరించాలో, ప్రభువు ప్రార్థన ఎక్కడ వస్తుందో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. కీర్తనల పుస్తకం తలకిందులుగా పట్టుకుని గొంతెత్తి పాడే నాలుగేళ్ల పిల్లల్ని చూశాను. అక్షరాలు రాకముందే వాళ్లకి పల్లవులు వచ్చేశాయి.

ప్రసంగం ముప్పావు గంటలోపు ఉండే చోట ఇది బాగా నడుస్తుంది. గంటన్నర ప్రసంగం ఉన్న చోట పిల్లలకీ శిక్షే, తల్లులకీ శిక్షే. నిద్రపోతే పోనివ్వండి. త్రోయలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే కిటికీలో కూర్చున్న ఐతుకు అనే యౌవనస్థుడికే నిద్ర ఆగలేదు.

ఇక్కడ మన సంఘాలకే ఉన్న చిక్కు ఒకటుంది. పిల్లల గురించి పరాయి దేశాల్లో రాసిన సలహాలన్నీ కుటుంబమంతా ఒకే బెంచీ మీద కూర్చుంటుందనుకుని రాసినవి. మన దగ్గర చాలాచోట్ల మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లు ఒక వైపు. పిల్లలందరూ అమ్మ వైపే. ఇద్దరు పిల్లలుంటే ఆ తల్లికి రెండు చేతులూ చాలవు. మగపిల్లలకి ఏడెనిమిదేళ్లు రాగానే "నువ్వు పెద్దోడివయ్యావు, అటెళ్లి కూర్చో" అంటాం. వాడు అటు వెళ్తాడు. నాన్న దగ్గరికి వెళ్తాడనుకుంటాం. వెళ్లేది వెనక గోడ దగ్గరికి, తన ఈడు పిల్లలు నలుగురి మధ్యకి, అక్కడ ఎవరిదో ఫోనులో ఆట మీదికి. పదిహేనేళ్లకి వాడు గుమ్మం బయట బండి మీద కూర్చుంటాడు, ఆ తర్వాత రావడం మానేస్తాడు. అమ్మ చాప మీంచి లేచిన ఆ మొదటి ఆదివారం వాణ్ని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్న మగాడు ఒక్కడుంటే చాలామంది నిలబడేవాళ్లని నా నమ్మకం.

కాబట్టి ఈ పద్ధతి ఎంచుకుంటే తండ్రులకి ఒక మాట. మూడేళ్లు దాటిన పిల్లల్లో ఒకరిని ఆడపిల్లయినా మగపిల్లాడయినా మీ వైపు కూర్చోబెట్టుకోండి. ఏడిస్తే మీరే లేచి వరండాలోకి తీసుకెళ్లండి. ఒక ఆదివారం మీరు, ఒక ఆదివారం ఆమె అని పంచుకోండి.

భర్త మందిరానికి రాని ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. ఆ తల్లి ఒంటరిగా ఇద్దరు ముగ్గురితో వస్తుంది. అలాంటి చోట సంఘంలోని ఒక తాతగారో మావయ్యో "ఏరా, నా పక్కన కూర్చుంటావా?" అని పిలిస్తే ఆమెకి కొండంత అండ. పిలిచేవాళ్లు అందరి కళ్లముందు, తల్లికి కనిపించే చోటే కూర్చోబెట్టుకోవాలి.

సంచిలో ఏం పెట్టుకోవాలని అడుగుతారు. గీతల్లేని చిన్న నోటుబుక్కు, పెన్సిలు, నీళ్ల సీసా, అరటిపండు. కవరు చప్పుడు చేసే చిరుతిళ్లు వద్దు. ఫోను అసలే వద్దు, ఒక్కసారి ఇస్తే ప్రతి వారం అడుగుతారు.

## రెండో పద్ధతి: ఆరాధన జరుగుతుండగానే పక్క గదిలో సండే స్కూల్

నగరాల్లో పెద్ద సంఘాలన్నీ దాదాపు ఇటే వచ్చాయి. గుమ్మంలో పిల్లల్ని అప్పగించి, ముగిశాక తీసుకెళ్తారు. వయసువారీ తరగతులు, బొమ్మలు, యాక్షన్ సాంగ్స్, కంఠత వాక్యాలు, బహుమతులు. పిల్లలు ఇష్టంగా వస్తారు. కొత్తగా మందిరానికి వస్తున్న కుటుంబానికి, ముఖ్యంగా ఆరాధన అంటే ఏంటో తెలియని ఇంటి నుంచి వచ్చేవాళ్లకి ఇది పెద్ద ఊరట. వాక్యం అందడం అనే కొలమానంతో చూస్తే అన్నిటికన్నా ముందుంటుంది.

లోటు వెంటనే కనబడదు, పదమూడేళ్లకి బయటపడుతుంది. పదేళ్లు పక్క గదిలో గడిపిన పిల్లవాణ్ని ఒక ఆదివారం హఠాత్తుగా పెద్దల హాలులో కూర్చోబెడతాం. వాడికి అక్కడ పాటలు తెలియవు, మనుషులు తెలియరు. ఎందుకు నిలబడుతున్నారో తెలియదు. యాకోబు పన్నెండుమంది కొడుకుల పేర్లు ఆపకుండా చెప్పగలిగిన ఒక తొమ్మిదో తరగతి పిల్లాడు, ప్రభువు ప్రార్థన అందరూ కలిసి చెబుతుంటే దిక్కులు చూస్తూ నిలబడటం చూశాను. వాడికి నేర్పింది నేనే. ఆ రోజు నాకు రాత్రి అన్నం సహించలేదు.

ఈ పద్ధతి తప్పనిసరైతే రెండు సవరణలు చేయండి. టీచర్లని రెండు జట్లుగా చేసి వారం విడిచి వారం మార్చండి. ఆదివారం రెండు ఆరాధనలుండే సంఘమైతే టీచర్లు ఒకదానిలో కూర్చుని, ఇంకోదాని వేళ పిల్లల దగ్గర ఉండొచ్చు. ఇక ఎనిమిదేళ్లు దాటినవాళ్లని నెలకి ఒక్కసారైనా పూర్తి ఆరాధనలో కూర్చోబెట్టండి.

## మూడో పద్ధతి: ముందు సండే స్కూల్, తర్వాత అందరితో ఆరాధన

నా మనసు దీని మీదే ఉంది, దాచను.

సండే స్కూలు పుట్టుకే ఇలాంటిది. ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్టణంలో 1780లో రాబర్ట్ రైక్స్ అనే పత్రికా సంపాదకుడు దీన్ని మొదలుపెట్టాడు. వారమంతా పనిలో మగ్గే పేదపిల్లలకి ఆదివారం ఒక్కటే తీరిక. ఆ రోజు చదవడం నేర్పేవాళ్లు. పొద్దున పది దాటాక రావాలి, పన్నెండుకి ఇంటికెళ్లి ఒంటిగంటకి తిరిగి రావాలి, ఒక పాఠం చదివాక వాళ్లని గుడికి తీసుకెళ్లాలి అని అక్కడి క్రమం. పాఠం గుడి ఆరాధనకి దారి తీసేది. ఆ ఆరాధనకి బదులుగా పాఠం పెట్టుకోవడం ఆ తర్వాతి కాలంలో వచ్చిన అలవాటు.

మా సంఘంలో ఇది ఎలా కుదిరిందో చెబుతాను. పాస్టర్ గారు గురువారం రాత్రికల్లా ఆ ఆదివారం వాక్యభాగం, రెండు కీర్తనలు వాట్సాప్‌లో పంపుతారు. మేం ఆదివారం ఎనిమిదిన్నరకి అదే కథ, ఆ కీర్తనల్లో ఒకటి నేర్పుతాం. కఠినమైన మాటలుంటే బోర్డు మీద రాసి అర్థం చెబుతాం. తొమ్మిదిన్నరకి అల్పాహారం, వంతులవారీగా రెండు కుటుంబాలు ఉప్మానో ఇడ్లీయో తెస్తాయి. ఆ తర్వాత పిల్లలు అమ్మానాన్నల దగ్గరికి వెళ్తారు. పాట ఎత్తుకోగానే తేడా తెలుస్తుంది. పొద్దున నేర్చుకున్న పాట కదా, పిల్లల గొంతులు అందరికన్నా పైన వినిపిస్తాయి. ప్రసంగంలో పాస్టర్ గారు కథ పేరెత్తగానే ఒక చిన్నోడు పక్కవాణ్ని మోచేత్తో పొడిచి "మన కథే" అంటాడు.

దీనికి అయ్యే ఖర్చు నిద్ర, ఓపిక. ఎనిమిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా నాలుగు గంటలు ఆరేళ్లలోపు పిల్లలకి ఎక్కువే. దూరం నుంచి బస్సుల్లో వచ్చేవాళ్లకి పొద్దున్నే రావడం కుదరదు. పదో తరగతికి వచ్చేసరికి ఆదివారం ఉదయం ట్యూషన్లు మొదలవుతాయి. టిఫిన్ లేకుండా మాత్రం దీన్ని మొదలుపెట్టకండి, మేం మొదటి రెండు నెలలు ఆ పొరపాటు చేసి సగం మంది పిల్లల్ని పోగొట్టుకున్నాం.

## నాలుగో పద్ధతి: పాటల దాకా లోపల, ప్రసంగానికి ముందు బయటికి

పాటలు, ప్రార్థన, కానుకల వరకు పిల్లలు అందరితో ఉంటారు. ప్రసంగానికి ముందు టీచర్లతో వెళ్తారు. ఐదు కొలమానాల్లో నాలుగింటికి ఎంతోకొంత న్యాయం చేసే రాజీమార్గం ఇది. మూడు నుంచి ఏడేళ్ల వాళ్లకి నేనైతే కళ్లుమూసుకుని దీన్నే చెబుతాను.

ఎలా వెళ్తారన్నది ముఖ్యం. టీచర్ సైగ చేస్తే గుంపుగా లేచి పరిగెడితే, అడ్డు తొలగించినట్టుంటుంది. పాస్టర్ గారు వాళ్లని ముందుకి పిలిచి, రెండు మాటలు మాట్లాడి, తలల మీద చేతులుంచి ప్రార్థించి పంపితే పిల్లలకీ పెద్దలకీ అది ఆరాధనలో ఒక భాగమవుతుంది. ముగింపు ఆశీర్వాదానికి తిరిగి రావాలి కూడా. ఆశీర్వాదం అందరిదీ.

కతోలిక సంఘంలో 1973లో రోము నుంచి వచ్చిన పిల్లల పూజల మార్గదర్శిలో ఈ వెళ్లిరావడం ఉంది. వీలున్న చోట వాక్యభాగం వరకు పిల్లలకి దగ్గర్లోనే వేరే గదిలో జరిపి, బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభు భోజనం) దగ్గరి ఆరాధన మొదలయ్యేముందు అమ్మానాన్నల దగ్గరికి తీసుకురావచ్చని చెబుతుంది. ప్రొటెస్టెంట్ సంఘాలు కూడా ఈ తిరిగి రావడాన్ని నేర్చుకుంటే బాగుంటుంది.

## ఐదో పద్ధతి: తల్లుల గది

వెనక అద్దాల గది, లోపల ఒక స్పీకరు. పాలిచ్చే తల్లికి ఇది అవసరం, ఉండాలి. అయితే గది అంటూ ఒకటి వచ్చాక పిల్లలున్న ప్రతి ఆడమనిషినీ అందులోకి తోసేయడం కూడా వస్తుంది. లోపల ఏడుపులు, కబుర్లు, సీసాలు, డైపర్లు. స్పీకర్లో మాట సగం వినబడదు. రెండేళ్ల లోపు బిడ్డలకే అని హద్దు పెట్టండి. "తల్లుల గది" అని బోర్డు రాయకుండా "పసిపిల్లల గది" అని రాయండి. పాలిచ్చే చోటుకి తెర కట్టి, మిగతా గదిలోకి తండ్రులు కూడా వచ్చేలా చేయండి.

## ఆరో పద్ధతి: నెలకో కుటుంబ ఆరాధన

నెలలో ఒక ఆదివారం ప్రసంగం ఇరవై నిమిషాలు, పాటలు అందరికీ తెలిసినవి, మగ ఆడ విభజన పక్కనబెట్టి కుటుంబాలు కుటుంబాలుగా కూర్చోవడం. మిగతా మూడు వారాలు ఏ పద్ధతి ఉన్నా దీన్ని దానికి జోడించుకోవచ్చు.

ప్రమాదమల్లా ఇది కార్యక్రమంగా మారిపోవడమే. పిల్లలు ముందు నిలబడి డాన్సు చేస్తారు, తల్లిదండ్రులు ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తారు, చప్పట్లు కొడతారు. మట్టల ఆదివారం ఎలా ఉంటుందో గుర్తు తెచ్చుకోండి. మట్టలు ఊపుతూ హోసన్నా అంటూ పిల్లలు ముందు నడుస్తుంటే పెద్దలు వెనక నడుస్తారు, అక్కడ ప్రేక్షకులంటూ ఎవరూ ఉండరు. నెలనెలా అలా ఉండాలి. రెండో గంట కొట్టే పని ఒక పిల్లాడికి ఇవ్వండి. వాక్యభాగం ఒక పాప చదవాలి, ముందురోజు ఇంట్లో మూడుసార్లు చదివించి. కానుకల సంచి పట్టేది, కీర్తనల పుస్తకాలు పంచేది పిల్లలే కావాలి. గంట తాడు అందక మడమలెత్తి లాగే ఏడేళ్లవాడు ఆ మందిరం తనదనుకుంటాడు.

## ఒకచోట పెట్టి చూస్తే

| పద్ధతి | పెద్దల ఆరాధన చూడటం | వాక్యం అర్థం కావడం | తల్లిదండ్రుల ఆరాధన | టీచర్ల ఆరాధన |
|---|---|---|---|---|
| ఆద్యంతం పక్కనే | పూర్తిగా | పాస్టర్ గారి మీద ఆధారం | తండ్రి పంచుకుంటేనే | ఇబ్బంది లేదు |
| అదే వేళ సండే స్కూల్ | లేదు | బాగా | ఇద్దరికీ వీలు | పోతుంది |
| ముందు సండే స్కూల్ | పూర్తిగా | బాగా | తండ్రి పంచుకుంటేనే | ఇబ్బంది లేదు |
| పాటల దాకా లోపల | సగం | బాగా | ప్రసంగం వినగలరు | ప్రసంగం పోతుంది |
| పసిపిల్లల గది | అద్దంలోంచి | లేదు | సగం సగం | వర్తించదు |
| నెలకో కుటుంబ ఆరాధన | పూర్తిగా | బాగా | ఇద్దరికీ వీలు | ఇబ్బంది లేదు |

భద్రతని పట్టికలో పెట్టలేదు. దాన్ని వేరేదానితో బేరం పెట్టడానికి నాకు మనసొప్పదు.

## మీ ఇంటికి, మీ సంఘానికి

ముప్పై నలభై మంది ఉండే పల్లె సంఘమైతే మొదటి పద్ధతితో పాటు, ఆరాధనకి ముందు వేపచెట్టు కింద అరగంట పాఠం చాలు. పెద్ద భవనాలు, పదిమంది టీచర్లు ఉన్న సంఘాల పద్ధతి చూసి చిన్నబుచ్చుకోకండి. మీ దగ్గర ప్రతి పిల్లవాడి పేరూ ప్రతి పెద్దమనిషికీ తెలుసు, అది వాళ్ల దగ్గర లేదు.

రెండొందల కుటుంబాలున్న పట్టణ సంఘమైతే ఏడేళ్ల లోపు వాళ్లకి నాలుగో పద్ధతి, ఎనిమిది దాటినవాళ్లకి మూడోది, నెలకోసారి అందరికీ ఆరోది. ఒకే పద్ధతి అన్ని వయసులకీ రుద్దనక్కర్లేదు.

అమెరికాలోనో ఇంకెక్కడో తెలుగు సంఘంలో ఉన్నవాళ్లకి భాష ఇంకో గోడ. పిల్లలకి ఇంగ్లీషులో సండే స్కూల్ పెడతారు, పెద్దలు తెలుగులో ఆరాధిస్తారు, ఇద్దరూ పార్కింగ్ దగ్గరే కలుస్తారు. తెలుగు కీర్తన తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో కూడా వేస్తే పిల్లలు పాడతారు. ప్రసంగం సారం మధ్యమధ్య రెండు ముక్కలు ఇంగ్లీషులో చెబితే తలెత్తుతారు. అమ్మమ్మ ఏ పాటకి కళ్లు తుడుచుకుంటుందో మనవడికి తెలియాలంటే వాళ్లిద్దరూ ఒకే హాలులో ఉండాలి కదా.

ఆటిజం ఉన్న బిడ్డో, పెద్ద చప్పుళ్లకి తట్టుకోలేని బిడ్డో ఉన్న ఇల్లయితే ముందు పాస్టర్ గారితో విడిగా మాట్లాడండి. స్పీకర్లకి దూరంగా, తలుపు దగ్గర ఒక చోటు ప్రతి వారం మీకే ఉంచమనండి. మధ్యలో లేచి తిరిగే బిడ్డని చూసి తల తిప్పేవాళ్లకి చెప్పాల్సిన బాధ్యత పాస్టర్ గారిది, ఆ తల్లిది కాదు.

## బల్ల దగ్గర

చాలా సంఘాల్లో నెలలో మొదటి ఆదివారం బల్ల. రొట్టె పళ్లెం తల్లి దగ్గరికి వస్తుంది, పిల్ల చెయ్యి చాపుతుంది, తల్లి ఆ చేతిని కిందికి దించేస్తుంది. ఆ దించిన చెయ్యి పిల్లలకి చాలా కాలం గుర్తుంటుంది.

ఎవరికివ్వాలన్నది మీ సంఘ సిద్ధాంతం. కతోలికుల్లో 1910లో పదో పయస్ పోపు నిర్ణయం తర్వాత సుమారు ఏడేళ్లకే, వివేచన వచ్చిన వయసని, మొదటి సత్ప్రసాదం ఇస్తున్నారు. ఆర్థొడాక్సు సంఘాల్లో పసిబిడ్డలకే ఇస్తారు. బాప్టిస్టు, బ్రదరెన్, పెంతెకొస్తు సంఘాల్లో బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే. శిశు బాప్తిస్మం ఉన్న సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ సంఘాల్లో మామూలుగా కన్ఫర్మేషన్ దాకా, అంటే ఎదిగాక తమ విశ్వాసాన్ని తామే ఒప్పుకునే దాకా, ఆగుతారు. దాన్ని మార్చమని నేను అడగడం లేదు. ఇవ్వని చోట పిల్లలకి ముందురోజు ఇంట్లో చెప్పండి, ఇది ఏంటో, నీకు ఎప్పుడో, ఎందుకు ఆగాలో. బల్ల దగ్గరికి నడిచి వెళ్లే సంఘాల్లో పిల్లల్ని కూడా వెంట తీసుకెళ్తే, పాస్టర్ గారు తల మీద చెయ్యి ఉంచి ఆశీర్వదించొచ్చు. కూర్చున్న చోటికే పళ్లెం వచ్చే సంఘాల్లో తల్లి ఆ చాపిన చేతిని తన చేతిలోకి తీసుకుని పట్టుకుంటే చాలు.

## మొదలుపెట్టడం

కమిటీలో ఓటింగ్ పెట్టి ఒక్కసారిగా మార్చకండి. మూడు నెలలు చేసి చూద్దామనండి. పండుగల రోజుల్లో మొదలుపెట్టవద్దు, క్రిస్మస్ హడావుడిలో ఏదీ నిలబడదు. జూన్‌లో బడులు తెరిచిన తర్వాత, వేసవి సెలవుల బైబిలు బడి (వి.బి.ఎస్.) ఉత్సాహం పిల్లల్లో ఇంకా ఉండగానే మొదలుపెడితే కుదురుతుంది. మూడు నెలలయ్యాక తల్లుల్నీ టీచర్లనీ అడగండి. పిల్లల్నీ అడగండి, వాళ్లని ఎవరూ అడగరు.

తల్లిదండ్రులకైతే కమిటీ దాకా పోనక్కర్లేదు, వచ్చే ఆదివారమే మొదలుపెట్టొచ్చు. శనివారం రాత్రి రేపటి పాట ఒకటి ఇంట్లో పాడుకోండి. కానుక నాణెం పిల్లవాడి చేతికే ఇవ్వండి, సంచి వచ్చేదాకా అరచేతిలో అచ్చు పడేంత గట్టిగా పట్టుకుంటాడు. ఎవరు ఎప్పుడు లేచి బయటికి తీసుకెళ్లాలో దంపతులిద్దరూ బయల్దేరేముందే అనుకోండి. తిరిగొచ్చేటప్పుడు బండి మీద "ప్రసంగంలో ఏం చెప్పారు?" అని పరీక్ష పెట్టకండి. ఇవాళ నీకు ఏ పాట నచ్చింది అని అడగండి, వాడు పాడితే మీరూ అందుకోండి.